నూట పద్నాలుగు పలికింది

రూబీ పోయి మూడు నెలలైనా, ఆమె నంబరు మాత్రం రోజూ ఉదయం ఏడింటికి పలుకుతూనే ఉంది. రొయ్యల కంపెనీలో మనుషులు పోతారు గానీ నంబర్లు పోవు. అప్రాన్ మీద ఎర్ర రంగుతో వేసిన అంకె ఎన్ని ఉతుకులకీ పోదు. కొత్త అప్రాన్ కుట్టించడం కన్నా కొత్త మనిషిని తేవడం తేలిక. అందుకని నాలుగో టేబుల్ దగ్గర, కుసుమకుమారి పక్కన, ఇప్పుడొక కొత్తపిల్ల నిలబడుతోంది. తలకి హుడ్డు, మూతికి మాస్కు, మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు. కనిపించేవి రెండు కళ్ళే. సూపర్‌వైజర్ నరసింగరావు పుస్తకం పట్టుకుని "నూట పదమూడు" అంటే కుమారి "ఉన్నాను" అంటుంది. "నూట పద్నాలుగు" అంటాడు. ఆ పిల్ల పలికే లోపల ఒక్క క్షణం ఉంటుంది చూశారా, ఆ క్షణంలో కుమారి నాలుకని పళ్ళ కింద నొక్కిపెట్టుకుంటుంది. లేకపోతే ఆ మాట తన నోట్లోంచే వచ్చేస్తుందని ఆమె భయం.

ఆ టేబుల్ మీద తయారయ్యే సరుకు జపానుకి పోతుంది. తల తీసిన రొయ్యకి కడుపు వైపు వెదురు పుల్ల గుచ్చి, వంకర తిరక్కుండా ఉడికించి, ఐసు నీళ్ళలో ముంచి టేబుల్ మీదికి పంపుతారు. పుల్ల లాగి, పెంకు ఒలిచి, తోక మాత్రం ఉంచి, కడుపు మీద నిలువునా కత్తి దించాలి. కోత వీపు దాకా రావాలి, వీపు తెగకూడదు. అప్పుడు బొటనవేలితో నొక్కితే రొయ్య పుస్తకం తెరిచినట్టు రెండు రేకులుగా విచ్చుకుంటుంది. ఇలాంటివి ముప్ఫై ఒక ట్రేలో, తోకలన్నీ ఒకే వైపుకి. అన్నం ముద్ద మీద దీన్ని కప్పుకుని తింటారట అని వినడమే గానీ, ఆ హాల్లో ఆ తిండిని కళ్ళతో చూసిన మనిషి లేదు. "ఆళ్ళ అన్నానికి మనం దుప్పటి కప్పతన్నామే" అనేది రూబీ.

రూబీది పుర్రచేతి వాటం. కుడిచేతివాళ్ళు కోస్తే ఎడమ రేకు కాస్త మందంగా వస్తుంది. రూబీ కోస్తే కుడి రేకు. మామూలు కంటికి ఆ తేడా ఆనదు. ఏడేళ్ళు ఆమె పక్కన నిలబడి కోసిన కుమారికి మాత్రం మసక వెలుతురులో కూడా తెలుస్తుంది. ట్రేలో కలిస్తే వరస చెడుతోందని నరసింగరావు రూబీ ట్రేలు విడిగా పెట్టించేవాడు. అవి ఓడ ఎక్కేవి కావు. ఇక్కడి హోటళ్ళకి పోయేవి. "నా రొయ్యలకి పాస్‌పోర్టు నేదే" అని రూబీ మాస్కు వెనకాల నవ్వేది. నవ్వుతోందని కళ్ళ కింది ముడతలు చూసి తెలుసుకోవాల్సిందే.

సోమవారం సాయంత్రం కంపెనీ బస్సు హైవే దిగి, జీడితోటల పక్కనుంచి వచ్చి ఊరి మలుపులో ఆగింది. కుమారి దిగేసరికి రూబీ వాళ్ళమ్మ జీవరత్నం అక్కడ నిలబడి ఉంది. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. ఎప్పుడూ తెల్లచీర, వంగని నడుము. కూతురు పోయాక కూడా ఆ నడుము వంగలేదు గానీ, కళ్ళు మాత్రం ఏదో పారేసుకున్న మనిషి కళ్ళలా నేల మీదే తిరుగుతున్నాయి.

"ఒలే కుమారీ, ఒక్క మాట సెప్పి ఎల్లు. అది ఏటికోసం ఎనక్కెల్లినాది?"

ఈ ప్రశ్న వేయడం ఇది ఎన్నోసారో కుమారి లెక్కపెట్టడం మానేసింది. జీవరత్నం వారానికో వస్తువు పట్టుకుని వస్తుంది. ఆ వస్తువు కోసమేనా నా కూతురు వెనక్కి వెళ్ళింది అని అడుగుతుంది.

"ఫోననుకుందామంటే ఫోను ఇంటికాడే ఒగ్గీసి ఎల్లినాది. గొలుసు మెడలోనే ఉన్నాది. క్యారేజీ కంపెనీవోళ్ళే తెచ్చిచ్చినారు. నిన్న రేతిరి గొడుగు గేపకానికొచ్చినాది. గొడుక్కోసమేమోననుకున్నాను. పొద్దున్న లేసి సూస్తే గొడుగు తలుపెనకాలే ఉన్నాది. మరేటికోసం ఎల్లినాదే?"

"నాకు తెల్దు పిన్నీ."

"నువ్వు పక్కనే ఉన్నావు గదే. బయటికొచ్చిన మనిషి ఏటో ఒక మాట అనే ఉంటాది గదా, ఇప్పుడే వస్తానే అనో, పలానాది మర్సిపోనాననో."

"దగ్గుతో నాకేటీ వినపళ్ళేదు."

"గుడికాడ కూడా ఏటేటో అంటన్నారు. దేనికో ఆశపడి ఎల్లినాదంట. ప్రాణం మీదికొచ్చినప్పుడు వస్తువులెవరు ఎతుక్కుంటారు, దాని బుద్ధే అంత అంటన్నారు. దాని బుద్ధి అంత కాదని నీకు తెలుసు గదా." జీవరత్నం కుమారి చెయ్యి పట్టుకుంది. ఐసు నీళ్ళలో పొద్దంతా నాని ముడతలు పడ్డ వేళ్ళవి. వాటిని తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. రూబీ చేతులు కూడా ఇంటికొచ్చాక ఇలాగే రుద్దేదట. కుమారి ఓర్చుకోలేక చెయ్యి లాగేసుకుంది.

ఇంటికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంటే, పొగకి కళ్ళు మండాయి. "ఉన్నాను" అంది కుమారి పైకి. అత్త తాయారు వరండాలోంచి తొంగి చూసి, "ఎవుల్తో మాటాడతన్నావే?" అని అడిగింది. ఎవరితోనూ కాదంది. ఈ మధ్య ఇది మూడోసారి.

మంగళవారం మధ్యాహ్నం ఆమెని టేబుల్ దగ్గర్నుంచి పైకి పిలిపించారు. ఆఫీసు గదిలో ఏసీ చల్లదనం వేరు. కింద హాల్లో చలి ఎముకల్లోకి దిగుతుంది, పైన చలి చొక్కా ఇస్త్రీ నలగనివ్వదు. మేనేజరు మురళీమోహన్ చెడ్డవాడు కాదు. పెళ్ళిళ్ళకి పిలిస్తే వచ్చి, భోంచేసి, వంట బాగుందని చెప్పి మరీ వెళ్ళే మనిషి. ఎవరినీ గట్టిగా కసరడు. కసరాల్సిన పనులన్నీ నరసింగరావుకి వదిలేస్తాడు.

"కూర్చో కుమారీ. రేపటికి సర్దుకున్నావా? మొదటిసారి విమానం కదా, భయపడకు. చెన్నైలో ఎగ్జిబిషన్‌లో మన స్టాల్లో రెండు రోజులు రొయ్య కోసి చూపించాలి, అంతే. నీ అంత శుభ్రంగా కోసేవాళ్ళు లేరు మనకి."

"సర్దుకున్నాను సార్."

"ఇంకో చిన్న పని. జపానువాళ్ళ తరఫున ఇన్‌స్పెక్షన్ మేడమ్ ఒకరొస్తారు. తెలుగు బాగా వచ్చు. ఆ రోజు సంగతి నిన్నడుగుతారు. నువ్వు కాగితంలో ఏం రాసిచ్చావో అదే చెప్పాలి. నీ మాట వింటే ఆ ఫైలు మూసేస్తామన్నారు. ఒకసారి అనుకుందాం. నూట పద్నాలుగు నీ పక్కనే నిలబడిందా?"

"నిలబడింది సార్."

"నంబరు పిలిస్తే పలికిందా?"

"పలికింది సార్."

"ఆ తర్వాత?"

"తర్వాత నేను చూడలేదు సార్. ఏదో వస్తువు కోసం లోపలికెళ్ళిపోయిందనుకుంటాను."

"అనుకుంటాను వద్దు. వెళ్ళిపోయింది అను."

"వెళ్ళిపోయింది సార్."

ఇలా మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి కుమారి గొంతు సాఫీగా వచ్చింది. మురళీమోహన్ టీ తెప్పించి ఇచ్చాడు. ఆమె రెండు అరచేతులూ కప్పు చుట్టూ చుట్టి కూర్చుంది. ఏసీ తగ్గించనా అని అడిగాడు.

జరిగింది మాత్రం ఇది. ఆ రోజు పన్నెండు దాటాక ఫ్రీజర్ల పైపు లీకై అమ్మోనియా గ్యాసు కొట్టింది. ముందు ముక్కులో, తర్వాత కళ్ళలో. నూట అరవై రెండు మంది ఆడవాళ్ళు ఒకే తలుపు మీద పడ్డారు. రెండో తలుపు ఉంది గానీ, సరుకు చేతులు మారి బయటికి పోతుందని దానికెప్పుడూ తాళమే. వాచ్‌మన్ గది దగ్గర వరసలు కట్టించి నరసింగరావు పుస్తకం తీశాడు. అందరూ దగ్గుతున్నారు. నూట పదమూడు అంటే కుమారి పలికింది. నూట పద్నాలుగు అన్నాడు. పక్కన చూస్తే రూబీ లేదు. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది కాబోలు అనుకుంది కుమారి. అనుకుంది అనడం కూడా ఎక్కువే, అలవాటు మనిషిని ఆలోచించనివ్వదు. షిఫ్టుకి రెండుసార్లే బాత్రూముకి వదిలేవారు. మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు నరసింగరావు నంబర్లు పిలిచి లెక్క తీసేవాడు. లెక్కకి దొరక్కపోతే సగం రోజు కూలి పోయినట్టే. అందుకని ఒకరు వెళ్తే పక్క మనిషి గొంతు మార్చి ఆమె నంబరు కూడా పలికేది. మాస్కులు ఉన్నాయి కాబట్టి నరసింగరావుకి ఎవరు పలికారో తెలిసేది కాదు. రూబీకి కుమారి, కుమారికి రూబీ, వారానికి నాలుగైదు సార్లైనా పలికేవారు. ఆ రోజు కూడా కుమారి తల కొంచెం పక్కకి తిప్పి, సన్నగా, కాస్త ముక్కుతో, అచ్చం రూబీలా "ఉన్నాను" అనేసింది.

నూట అరవై రెండు. లెక్క సరిపోయింది. సరిపోయాక లోపలికి ఎవరు వెళ్తారు? గంటా పావు సేపు అందరూ షెడ్డు నీడలో కూర్చున్నారు. కంపెనీ మజ్జిగ ప్యాకెట్లు పంచింది. కుమారి రెండు తీసుకుంది. ఒకటి తాగి, రెండోది రూబీ కోసం కొంగులో పెట్టుకుంది. ఫ్యాన్లు పెట్టి గాలి తోడాక మెకానిక్కులు లోపలికి వెళ్తే, బాత్రూము సందులో, తాళం వేసిన తలుపుకి ఆనుకుని రూబీ ఉంది.

కంపెనీ పనిగట్టుకుని అబద్ధం అల్లాల్సిన అవసరం కూడా రాలేదు. పుస్తకంలో ఆమె నంబరు ఎదురుగా టిక్కు ఉంది. అంటే బయటికి వచ్చింది. లోపల దొరికింది. అంటే తిరిగి వెళ్ళింది. తన కాళ్ళతో తనే వెళ్ళిన మనిషికి తాళం సంగతి ఎవరడుగుతారు? మర్నాడు కుమారిని పిలిచి నీ పక్క మనిషి పలికిందా అని అడిగారు. పలకలేదంటే మరి పలికిందెవరు అంటారు. పలికింది అని చెప్పి సంతకం పెట్టింది. ఆ సంతకం పెట్టినప్పటినుంచీ రూబీ ఆమెని వదల్లేదు. కల్లో వచ్చి ఏడవడం, జుట్టు విరబోసుకు నిలబడడం లాంటివేం లేవు. పని చేస్తుంటే కుడి మోచేతికి ఇంకో మోచెయ్యి తగులుతుంది, అంతే. పుర్రచేతి మనిషి పక్కన ఏడేళ్ళు నిలబడితే, మోచేతులు తగలకుండా ఎంత దూరం ఉండాలో ఒళ్ళే నేర్చుకుంటుంది. ఆ జానెడు దూరం కుమారి ఇప్పటికీ వదులుతోంది. కొత్తపిల్ల కుడిచేతి వాటందే అయినా.

బుధవారం పొద్దున్న మొగుడు ధర్మేంద్ర ఆటోలో తీసుకెళ్ళి ఎయిర్‌పోర్టు దగ్గర దింపాడు. రెక్క ఫొటో తియ్యమని, కిటికీ పక్క సీటు అడగమని, ఇచ్చిన తిండి వదిలెయ్యొద్దని దారి పొడుగునా చెప్పాడు. అద్దాల గుమ్మం దగ్గర మురళీమోహన్ కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. ఆమె రొయ్యలు కోసే కత్తి చేతిసంచిలో ఉంచనివ్వరని చెప్పి, లగేజీలో వేయించాడు. ఆ కత్తి బెల్టు మీద దొర్లుకుంటూ లోపలికి పోతుంటే కుమారికి చేతులు ఖాళీ అయినట్టనిపించింది.

తనిఖీలన్నీ అయ్యాక ఇంకా గంటన్నర ఉంది. మురళీమోహన్ హుషారుగా ఉన్నాడు. "ఒకటి చూపిస్తా రా" అని ఆమెని ఒక కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అద్దం వెనకాల నల్ల టోపీ పెట్టుకున్న కుర్రాడు తడి చేత్తో అన్నం ముద్దలు ఒత్తుతున్నాడు. పెళ్ళిలో లడ్డూలు చుట్టేవాళ్ళ చేతివేగం అతనిది. ఒక్కో ముద్ద మీద ఏదో పరిచి, మెల్లగా అదిమి, నల్లటి పలక మీద పెడుతున్నాడు.

"ఏడేళ్ళుగా చేస్తున్నావు కదా, తినేదెలాగో చూడవద్దూ? రేపు మేడమ్ అడిగితే తిన్నానని చెప్పొచ్చు. ఇదీ మన సరుకే తెలుసా? విడిగా పెట్టే ట్రేలుంటాయి కదా, అవి వీళ్ళకే వేస్తాం."

విడిగా పెట్టే ట్రేలు అన్న మాట కుమారి చెవిన పడింది గానీ, తలకెక్కే లోపే పలక ఆమె ముందుకి వచ్చింది. ఆరు ముద్దలు. ఆరింటి మీదా రొయ్యలు, ఎర్రగీతల రేకులు విప్పుకుని, తోకలన్నీ ఒకే వైపు. పక్కన పచ్చటి చట్నీ ఉండ ఒకటి, పల్చగా కోసిన అల్లం.

కుమారి ముందు చెయ్యి కడుక్కోవాలా అని అడిగింది. అక్కర్లేదన్నాడాయన. తినడానికిచ్చిన రెండు పుల్లలు పట్టుకోవడం రాక చేత్తోనే ఒక ముద్ద ఎత్తింది. ఎత్తినప్పుడు అలవాటు కొద్దీ బొటనవేలు రొయ్య మీదికి పోయింది. మధ్య గీత మీద నొక్కి, ఎడమ రేకు తడిమి, కుడి రేకు తడిమింది.

కుడి రేకు మందంగా ఉంది.

ఆ ముద్ద కింద పెట్టి రెండోదాని మీద వేలు పెట్టింది. తర్వాత మూడోది. ఆరూ అంతే. ఫ్రీజర్లో పెట్టిన సరుకు రెండేళ్ళైనా చెడదని ఆమెకి తెలుసు. సూపర్‌వైజర్లు చెప్పగా వందసార్లు విన్న మాటే. కోసిన మనిషి మట్టిలో కలిసి మూడు నెలలు. కోత మాత్రం నిన్న కోసినట్టుంది. తన కుడి పక్కన నిలబడి, మాస్కు వెనకాల ఏదో గొణుక్కుంటూ, ఈ ఆరింటినీ రూబీ కోసింది. కోస్తూ ఏం చెప్పిందో? పండక్కి కొనుక్కున్న చీర సంగతో, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతో చెప్పే ఉంటుంది. కుమారి వింటూ ఊఁ కొట్టే ఉంటుంది.

"అలా నొక్కకూడదు, తినెయ్యాలి" అని మురళీమోహన్ నవ్వాడు.

వద్దని లేచిపోవచ్చు. కానీ రూబీ చేతి పని చెత్తబుట్టలోకి పోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. పుల్లగా, తియ్యగా, చల్లగా ఉంది. నమిలింది. అన్నం కింద దాచిన పచ్చ చట్నీ అప్పుడు తగిలింది. కారం నాలుక మీద ఆగలేదు. తిన్నగా ముక్కులోకెక్కి, కళ్ళ వెనకాల పొడిచింది. ఊపిరి ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజు లాగే. ముందు ముక్కు, తర్వాత కళ్ళు, తర్వాత గొంతు మూసుకుపోవడం. కుమారి టేబుల్ అంచు పట్టుకుంది. ఆమెకి అది నాలుగు క్షణాల్లో పోయింది. రూబీకి ఎంతసేపు ఉండి ఉంటుంది, ఆ సందులో, ఆ తలుపు ముందు? తలుపు కొట్టిందా? కొట్టే ఉంటుంది. బయట షెడ్డు నీడలో కూర్చుని మజ్జిగ తాగుతున్నవాళ్ళు వస్తారని, కుమారి వస్తుందని చూసే ఉంటుంది. నేను లేనని దానికి తెలియకుండా పోతుందా అనుకునే ఉంటుంది.

కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. మురళీమోహన్ కాగితం రుమాలు ఇచ్చాడు. "మొదటిసారి అందరికీ ఇంతే. నాకూ ఇలాగే అయింది" అన్నాడు.

కుమారి మొహం తుడుచుకుంది. మిగిలిన ఐదూ తినేసింది. ఒక్కొక్కటే నమిలి, మింగి, వేళ్ళు తుడుచుకుని అప్పుడు చెప్పింది.

"సార్, రూబీ పలకలేదు."

"ఏంటి?"

"ఆ రోజు నంబరు పిలిస్తే రూబీ పలకలేదు. నానే పలికేను. బాత్రూముకెల్తే పలుకుతాం గదా సార్, అలాగే పలికేను. అది బయటికే రాలేదు."

మురళీమోహన్ మొహంలో నవ్వు పోవడానికి కాస్త సమయం పట్టింది. చుట్టూ చూశాడు. పక్క టేబుల్ దగ్గర ఒకాయన చెవిలో తీగ పెట్టుకుని లాప్‌టాప్ చూసుకుంటున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"నేదు సార్."

"చెప్పకు. నీ మంచికే చెప్తున్నా కుమారీ. ఇది నీ మీదికే వస్తుంది. తలుపు, తాళం అవన్నీ పక్కకి పోతాయి. నువ్వు పలకబట్టే ఎవరూ వెతకలేదంటారు. ఊళ్ళో తలెత్తుకు తిరగలేవు."

"ఆళ్ళు అనేదేటుంది సార్, అది నిజమే గదా. అందుకే గదా మూడు నెల్లూ నోరు మూసుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు?"

"ఆళ్ళమ్మ అడుగుతన్నాది సార్. అది ఏటికోసం ఎనక్కెల్లిందీ అని. ఇల్లంతా ఎతుకుతన్నాది. ఒక్కో వస్తువూ ఎతికి ఎతికి, దొరికితే ఏడుస్తన్నాది. ఆ ముసిల్దాన్ని అలా ఎతకనిస్తే నాను మనిషిని కాదు."

ఆయన పెళ్ళిళ్ళకి వచ్చే మనిషి కదా, చావులకీ వచ్చాడు. రూబీ శవపేటిక మీద పూలదండ వేసింది ఆయనే. కాసేపు పుల్లల్ని కాగితంలో చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. "చెన్నైలో మేడమ్‌కి ఏం చెప్తావు?" అని అడిగాడు చివరికి.

"ఇదే సెప్తాను."

లేచి దూరంగా కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోను చేశాడు. మాట్లాడుతున్నంతసేపూ వీపే కనిపించింది. తిరిగొచ్చి ఆమె కళ్ళలోకి చూడకుండా చెప్పాడు. "నీకు ఒంట్లో బాగాలేదు. నువ్వు రానక్కర్లేదన్నారు. నీ బదులు ఇంకొకరిని సాయంత్రం ఫ్లయిట్‌కి పంపుతారట. నీ కాగితం ఉంది కదా, మేడమ్‌కి అదే చూపిస్తారు."

తనిఖీలు దాటి లోపలికొచ్చిన మనిషి మళ్ళీ బయటికి పోవడం అంత తేలికేం కాదు. విమానం కంపెనీ అమ్మాయి ఒకతె వచ్చి కుమారి కాగితం తీసుకుంది, సంచి వెనక్కి తెప్పించింది. గుమ్మం దగ్గర తుపాకీ పోలీసు ఒక రిజిస్టరు తెరిచి కారణం అడిగాడు. అతనికి హిందీయే వచ్చు. "తబియత్" అని అమ్మాయి చెప్పింది. ఏం చెప్పావమ్మా అని కుమారి అడిగింది. మీకు బాగాలేదని రాయిస్తున్నా అంది ఆ అమ్మాయి.

"నాకు బాగానే ఉన్నాది" అంది కుమారి. "నాను అబద్ధం సెప్పనన్నందుకు పంపేస్తన్నారు. అది రాయమను."

ఆ అమ్మాయి జాలిగా చూసి, ఇక్కడ సంతకం పెట్టండి ఆంటీ అంది. కుమారి పెట్టలేదు. ఒకసారి పెట్టిన సంతకం చాలనిపించింది. పోలీసు విసుక్కుని, ఏదో గీత గీసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

హైవే మీద బస్సెక్కి, మలుపులో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. సంచి పట్టుకుని తన ఇంటి సందు దాటేసింది. తాయారు చూస్తే విమానం తప్పిపోయిందా అంటుంది. ధర్మేంద్ర చూస్తే రెక్క ఫొటో అడుగుతాడు. వాళ్ళకి చెప్పే ముందు చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. ఆ ఇంటి వైపు మూడు నెలలుగా ఆమె తలెత్తి చూడలేదు. బస్సులో పోతున్నా అటు రాగానే చెప్పుల వైపు చూసుకునేది.

జీవరత్నం వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వెనకాల తలుపు తీసి ఉంది. లోపల గోడ వారగా రూబీ సామాన్లన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. గొడుగు, క్యారేజీ, ఫోను, రెండు జతల చెప్పులు, దువ్వెన, బైబిలు. ఏది తక్కువైందో తేల్చడానికి పేర్చినట్టున్నాయి.

"విమానమెక్కుతావన్నారే" అంది జీవరత్నం తలెత్తి.

కుమారి సంచి కింద పెట్టింది. దారిలో ఎన్నో మాటలు కూర్చుకుంది. ఒక్కటీ మిగల్లేదు.

"అది ఎనక్కెల్లలేదు పిన్నీ. దేనికోసమూ ఎల్లలేదు. అసలు బయటికే రాలేదు."

జీవరత్నం వేళ్ళు చింతపండు మీద ఆగాయి. "పలికినాది గదే. పుస్తకంలో ఉన్నాదన్నారు."

"పలికింది నాను. దాని గొంతుతో నానే పలికేను. కుళాయికాడ ఉందనుకున్నాను. లెక్క సరిపోయిందని ఎవులూ లోపలికెల్లలేదు. మర్నాడు అడిగితే అదే పలికిందని సెప్పి సంతకం పెట్టేను. ఎనకాల తలుపుకి తాళం ఏసున్నాది పిన్నీ. అది ఆ తలుపుకాడే ఉన్నాది."

జీవరత్నం మెల్లగా తల తిప్పి లోపల గోడ వారగా ఉన్న సామాన్ల వైపు చూసింది. ఒక్కోదాన్నీ చూసింది.

"అయితే దేనికోసమూ ఎల్లలేదు" అంది.

"నేదు."

"ఎంతసేపు కూకున్నారు మీరు బయట?"

కుమారికి అబద్ధం చెప్పాలనిపించింది. పది నిమిషాలు అంటే ఈ ముసలమ్మ ఇవాళ కాస్త నిద్రపోతుంది.

"గంటా పావు" అంది.

జీవరత్నం పళ్ళెం పక్కకి జరిపింది. చేతులు కొంగుకి తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది. కొడుతుందనుకుంది కుమారి. కొడితే బాగుండునని కూడా అనుకుంది. జీవరత్నం లోపలికి వెళ్ళి తెల్లచీర కొంగు సరిచేసుకుంది, చెప్పులేసుకుంది, తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది.

"పద."

"ఎక్కడికి పిన్నీ?"

"పోలీసు టేసనుకి. నాకు సెప్పిన మాటలు, తాళం సంగతితో సహా, ఆళ్ళకి సెప్పు. ఆళ్ళు రాసుకోకపోతే రాసుకున్నదాకా అక్కడే కూకుందాం."

కుమారి సంచి ఎత్తుకుని ఆమె పక్కకి వచ్చి, పడిపోతుందేమోనని చెయ్యి పట్టుకోబోయింది. జీవరత్నం చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"నా పక్కన నడవకు" అంది. "ఎనకాల రా."

ఆమె ఎండలోకి దిగి ముందు నడిచింది. కుమారి నాలుగు అడుగులు ఎడం వదిలి, ఆ తెల్లచీర వెనకాలే నడిచింది.